దిగే దారి ఎవరి పూచీ?

కొండ ఎక్కించడానికి ట్రెకింగ్ కంపెనీలు పోటీ పడుతున్నాయి. క్షేమంగా దించే సంగతి మాత్రం ప్యాకేజీ కాగితంలో ఆఖరి వరుసకే పరిమితమవుతోంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడింది. గంటకు 180 కిలోమీటర్లు దాటిన గాలికి నగరం పచ్చదనమంతా నేలకూలింది. తెలుగువాళ్లకు ఆ తుపాను కథ అక్కడితో అయిపోయింది. తుపాను మాత్రం అక్కడ ఆగలేదు. బలం తగ్గినా తేమ మోసుకుంటూ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా ఉత్తరానికి సాగి, పడమటి నుంచి వచ్చిన చల్లగాలుల ద్రోణితో కలిసి, రెండు రోజుల తర్వాత హిమాలయాలను తాకింది. విశాఖలో వానగా కురిసింది అక్కడ మంచుగా కురిసింది. అక్టోబరు 14న నేపాల్‌లోని అన్నపూర్ణ, ధవళగిరి ప్రాంతాల్లో కనీసం 43 మంది చనిపోయారు. వారిలో 21 మంది ట్రెకర్లు. మిగిలినవారిలో గైడ్లు, మోతగాళ్లు, స్థానికులు ఉన్నారు. నేపాల్ ట్రెకింగ్ చరిత్రలో అంతటి విషాదం అంతకుముందు లేదు. మృతుల్లో చాలామంది 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ ఎక్కలేక ఆగిపోయినవారు కారు. ఎక్కేసినవారు. కనుమ దాటి, ముక్తినాథ్ వైపు దిగుతూ, తెల్లటి మంచులో దారి తప్పినవారు.

ఆ రోజును ప్రకృతి విపత్తుల ఖాతాలో రాసేసి ఊరుకోవచ్చు. అలా రాస్తే ఒక పాఠం మరుగున పడిపోతుంది. గైడును పెట్టుకుని, బృందంగా, డబ్బు కట్టి వెళ్లే ట్రెక్‌కు అసలు పరీక్ష శిఖరం దగ్గర కాదు, శిఖరం తర్వాత. ఒక కంపెనీ ఎంత మంచిదో, ఒక గైడు ఎంత సమర్థుడో, ఒక బృందం నిజంగా బృందమో కాదో తేలేది చివరి రెండు మూడు రోజుల్లోనే. ఒళ్లు బాగా అలసిపోయేది అప్పుడే, మనసు బాగా తేలికపడేదీ అప్పుడే. ప్యాకేజీ తయారుచేసేవారు అన్నిటికంటే తక్కువ శ్రద్ధ పెట్టేదీ ఆ రోజుల మీదే.

ఏ ట్రెక్ కార్యక్రమమైనా తీసి చూడండి. ఎక్కే రోజులన్నీ ఆచితూచి వేసినవి. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట ఆగాలని పర్వత వైద్యులు చెబుతారు. అందుకే అన్నపూర్ణ చుట్టుదారిలో 3,540 మీటర్ల మనాంగ్ దగ్గర ఒక రోజు విశ్రాంతి ఉంటుంది. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో నామ్చే బజార్‌లో ఒకటి, డింగ్‌బోచేలో మరొకటి ఉంటాయి. ఇక దిగే రోజులు చూడండి. ఎనిమిది రోజులు ఎక్కిన బేస్ క్యాంప్ దారిని మూడు రోజుల్లో దించేస్తారు. థొరాంగ్ లా సంగతి మరీ విడ్డూరం. తెల్లవారుజామున చీకట్లో బయల్దేరడం, 5,416 మీటర్ల కనుమ ఎక్కడం, అటువైపు 1,600 మీటర్లకు పైగా దిగి ముక్తినాథ్ చేరడం, అన్నీ కాగితం మీద ఒకే వరుసలో ఉంటాయి. ఎక్కడానికి శాస్త్రం ఉంది, ఆ శాస్త్రాన్ని బట్టి పెట్టుకున్న లెక్క ఉంది. దిగడానికి ఉన్నదల్లా తిరుగు టికెట్టు.

కాళ్లు చెప్పే నిజం

దిగడం తేలికని మనం అనుకోవడానికి కారణం ఊపిరి. ఎక్కేటప్పుడు గుండె దడదడలాడుతుంది, రొప్పు వస్తుంది, ఒళ్లు తన కష్టాన్ని వెంటనే చెప్పేస్తుంది. దిగేటప్పుడు ఊపిరి హాయిగా ఆడుతుంది, కబుర్లు కూడా సాగుతాయి. బరువు మోసే పని గుండె నుంచి కాళ్లకు మారిందని అప్పటికప్పుడు తెలియదు. మెట్టు ఎక్కేటప్పుడు తొడ ముందు కండరం కుంచించుకుంటూ ఒంటిని పైకి లేపుతుంది. మెట్టు దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, ఒంటి బరువు ఒక్కసారిగా కిందికి జారిపోకుండా బ్రేకులా పట్టి ఉంచుతుంది. సాగుతూ బరువు ఆపే ఈ పనిలో కండరం పోగులు సన్నగా చిట్లుతాయి. నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత గానీ పూర్తిగా బయటపడదు. పట్టు మాత్రం అక్కడే, ఆ గంటలోనే తగ్గిపోతుంది. అడుగు అనుకున్న చోట పడదు. మోకాలు మడవబోయి వణుకుతుంది. రెండు చేతులా ఊతకర్రలు వాడితే దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గుతుందని కొలిచి చూసినవారు తేల్చారు. అయినా ఎక్కేటప్పుడు పొడవు సరిచూసుకుని మరీ వాడిన కర్రలు దిగేటప్పుడు సంచి పక్కన వేలాడుతూ ఉంటాయి.

బూటు సంగతి ఇంకా చిన్నది. వాలులో దిగుతుంటే పాదం బూటులో ముందుకు జారుతుంది, వేళ్లు అడుగడుగునా బూటు మూతికి కొట్టుకుంటాయి. రెండు మూడు గంటలు అలా నడిస్తే బొటనవేలి గోరు నల్లబడుతుంది. తర్వాత అది ఊడిపోవచ్చు కూడా. దీనికి మందు అయిదు నిమిషాల పని. కనుమ మీదే కూర్చుని, లేసులు మొత్తం వదులుచేసి, మడమను వెనక్కి తన్ని పెట్టి, చీలమండ దగ్గర మళ్లీ బిగించి కట్టుకోవాలి. మంచి గైడు ఫొటోలయ్యాక అందరినీ కూర్చోబెట్టి ఈ పని చేయిస్తాడు. ‘ఇక దిగుడేగా, పదండి’ అనే గైడు చేయించడు. ఇద్దరికీ ఒకే శిక్షణ ఉండవచ్చు, ఒకే రోజుకూలీ ఉండవచ్చు. ఆ అయిదు నిమిషాల్లోనే వారి మధ్య తేడా కనబడుతుంది.

ఒంటికి ఉన్నట్టే బృందానికీ ఒక లక్షణం ఉంటుంది. ఎక్కేటప్పుడు బృందం అందరిలోకీ నెమ్మదైన మనిషి వెనకే నడుస్తుంది, ఆగినచోట అందరూ ఆగుతారు, ఒకరి నీళ్లు ఒకరు తాగుతారు. శిఖరం అయ్యాక దారం తెగిన పూసల్లా ఎవరి వేగం వారిది. కుర్రవాళ్లు వేడి టీ తలచుకుంటూ గంట ముందే కిందికి చేరతారు. మోకాలు పట్టేసిన పెద్దాయన గంట వెనక ఉంటారు. ఆ రెండు కొసల మధ్య గైడు ఒక్కడే. ముందు నడిచేవారికి దారి తప్పే ప్రమాదం, వెనకబడ్డవారికి పొద్దు వాలే ప్రమాదం. పర్వతాల్లో మబ్బు సాధారణంగా మధ్యాహ్నం తర్వాతే కమ్ముతుంది, బృందం చెల్లాచెదురుగా ఉండేదీ సరిగ్గా ఆ వేళకే. 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ సరస్సు దారిలో, గైడ్లతో కలిపి 22 మంది ఉన్న కర్ణాటక బృందం మంచు తుపానులో చిక్కుకుని తొమ్మిది మందిని పోగొట్టుకుంది. వారు పైకి వెళ్లేటప్పుడు కాదు, సరస్సు చూసి శిబిరానికి తిరిగొస్తుండగా.

ఇది కొత్తగా తెలిసిన విషయమూ కాదు. 1865 జులై 14న ఆల్ప్స్‌లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని తొలిసారి ఎక్కిన ఏడుగురిలో నలుగురు దిగుతూ పడిపోయారు. అందరిలోకీ అనుభవం తక్కువైన కుర్రవాడి పాదాలను ఒక్కొక్కటిగా చేత్తో పట్టి రాతి మీద సరైన చోట పెడుతూ దింపుతున్నాడు గైడు మిషెల్ క్రో. ఆ కుర్రవాడు జారి గైడు మీద పడ్డాడు, తాడు మరో ఇద్దరిని లాగింది, ఆపైన తెగిపోయింది. మిగిలిన ముగ్గురు బృందాన్ని నడిపిన ఎడ్వర్డ్ వింపర్, తండ్రీకొడుకులైన ఇద్దరు గైడ్లు. ఎవరెస్ట్ మీద 1921 నుంచి 2006 దాకా జరిగిన మరణాలను వైద్యులు లెక్కగట్టి 2008లో ప్రచురించారు. 8,000 మీటర్లు దాటి వెళ్లి ప్రాణాలు కోల్పోయిన 94 మంది పర్వతారోహకుల్లో 53 మంది శిఖరం ముట్టి దిగివస్తూ చనిపోయారు. శిఖరం వైపు ఎక్కుతూ చనిపోయినవారు తొమ్మిది మందే.

మన అనుభవంలో ఈ పాఠం లేకపోవడానికి ఒక కారణం తిరుమల. తెలుగువాళ్లలో ఎక్కువమందికి కొండ నడక అంటే అలిపిరి మెట్లే. 3,550 మెట్లు, దారిలో మోకాళ్ల పర్వతం, పైన గోవిందనామం. ఎక్కడం మొక్కు, ఎక్కడం పుణ్యం. దిగడానికి మాత్రం ఎక్కువమందికి బస్సుంది. ఆ మెట్లన్నీ కాళ్లతో దిగితే మర్నాడు పిక్కలు ఏమంటాయో చాలామందికి తెలియదు. అయితే అదే కొండ మీద బండి నడిపేవారికి ఈ సంగతి తెలుసు. ఘాట్ రోడ్డులో ఎక్కే వాహనానికి కనీసం 28 నిమిషాలు, దిగే వాహనానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని నిబంధన పెట్టారు. అంతకన్నా ముందు కిందికి చేరితే తప్పు కింద లెక్క. ఎక్కడానికంటే దిగడానికి ఎక్కువ సమయం ఇవ్వాలన్న ఆ నియమం ఇంజిన్లకు వర్తిస్తోంది, మోకాళ్లకు వర్తించడం లేదు.

కాదనేవారి మాట

ఈ వాదనకు మొదటి అభ్యంతరం వైద్యం నుంచే వస్తుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు దిగడమే మందు. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతున్న మనిషిని వీలైనంత త్వరగా కిందికి తేవాలి. అలాంటప్పుడు దిగే రోజులు తగ్గితే మేలే కదా, ఎక్కేటప్పుడు తీసుకున్న జాగ్రత్త దిగేటప్పుడు అనవసరం కదా అంటారు. ఈ మాటలో సగం నిజం. ఊపిరికి దిగడం మందే. కానీ ఊపిరికి మందైనది మోకాలికి భారం. రెండూ ఒకే ఒంట్లో ఉన్నాయి. జబ్బుపడ్డ ఒక్క మనిషిని తోడిచ్చి హడావుడిగా దించడం వేరు, ఆరోగ్యంగా ఉన్న పదిహేను మందిని రాత్రి నిద్రలేకుండా ఎక్కించి అదే పగలు 1,600 మీటర్లు పరుగులు పెట్టించడం వేరు. మొదటిది చికిత్స, రెండోది షెడ్యూలు. చికిత్సకున్న గౌరవాన్ని షెడ్యూలుకు కట్టబెట్టకూడదు. పైగా ‘దిగుడు’ అన్న మాటే కొంత మోసం. ఎవరెస్ట్ దారిలో తిరిగొచ్చేటప్పుడు నది దాకా దిగి మళ్లీ నామ్చే వైపు ఎక్కాలి. ఆఖరి రోజు ఆఖరి గంట, తిరుగు విమానం ఎక్కే లుక్లాకు ఎక్కుడే.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఎవరెస్ట్ లెక్కలు ట్రెకర్లకు వర్తించవు, వారు 8,000 మీటర్లకు వెళ్లరు. 2014లో చంపింది మంచు, దిగుడు కాదు. ముందస్తు హెచ్చరిక మనాంగ్ దాకా చేరి ఉంటే ఎవరూ కదిలేవారు కారు. నిజమే. ప్రాణవాయువు అంత పలచబడిన చోటి మరణాల శాతాన్ని తెచ్చి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కాంత వెళ్లే కుర్రవాడికి అంటగట్టడం అన్యాయం. ఇక్కడ తీసుకోవాల్సింది శాతాన్ని కాదు, కారణాల వరుసను. అలసట, ‘అయిపోయింది’ అన్న నిశ్చింత, మధ్యాహ్నపు వాతావరణం, విడిపోయిన బృందం. ఈ నాలుగూ ఏ ఎత్తులోనైనా ఒకే వేళకు కలుస్తాయి. హెచ్చరిక సంగతీ అంతే. హెచ్చరిక ఉపయోగపడాలంటే ఆగడానికి ఒక రోజు చేతిలో ఉండాలి. పదో రోజు కనుమ, పదకొండో రోజు ముక్తినాథ్ కిందనున్న జోమ్‌సోమ్ నుంచి విమానం, పన్నెండో రోజు కాఠ్‌మాండూ నుంచి తిరుగు ప్రయాణం అని అన్నీ ముందే టికెట్లతో కుట్టేస్తే, ఆకాశం ఏం చెప్పినా వినేదెవరు? విమానాలకూ జోమ్‌సోమ్‌లో పొద్దుటి పూటే వీలు. మధ్యాహ్నానికి కాళీగండకి లోయలో గాలి చెలరేగుతుంది. ఒక్క పూట తప్పితే ఒక రోజు పోతుంది. నేపాల్‌లో 2023 ఏప్రిల్ 1 నుంచి ట్రెకర్ల వెంట గైడు ఉండాలన్న నియమం వచ్చింది. మంచిదే. కానీ ‘ఇవాళ కదలొద్దు’ అనే మాట గైడు నోట రావాలంటే ఆ మాట నిలబడేంత ఖాళీ కార్యక్రమంలో ఉండాలి.

మూడోది అందరూ అనేది. సెలవు దొరకడమే గగనం, ఒక రోజు పెంచితే ఖర్చు పెరుగుతుంది, పెద్దవాళ్లం, మా రిస్కు మాది. సెలవు నిజం, ఖర్చూ నిజం. అయితే ఆ ఖాళీ రోజు లేకపోవడం వల్ల మిగిలే డబ్బు ఎవరిదో, నష్టం ఎవరిదో కూడా చూడాలి. ఒకప్పుడు అన్నపూర్ణ చుట్టు నడక దాదాపు మూడు వారాలు. కనుమ దాటాక కాళీగండకి వెంట కాగ్‌బేనీ, మార్ఫా, తాతోపానీ మీదుగా రోజుల తరబడి మెల్లగా దిగేవారు. ఒళ్లు కుదుటపడేది, వేడినీటి ఊటల్లో కాళ్లు తేలికపడేవి. రోడ్డు వచ్చాక ఆ రోజులు జీపు సీటులోకి కుదించుకుపోయాయి. రోడ్డు వల్ల అక్కడి ఊళ్లకు మేలు జరిగింది, దాన్ని తప్పుపట్టడానికి లేదు. కానీ అలా మిగిలిన రోజుల్లో ఒక్కటైనా కనుమ ముందు విశ్రాంతిగా చేరలేదు. చాలాచోట్ల అది ధర తగ్గించడానికి పనికొచ్చింది. ఇక ‘మా రిస్కు మాది’ అనే మాట ఒంటరిగా వెళ్లేవారికి చెల్లుతుంది. బృందంలో ఒకరు కూలబడితే మోసేది మోతగాడు, ఆగేది మిగతావారు. డబ్బు కట్టి కొన్నది దారి చూపే వేలు మాత్రమే కాదు, ‘వద్దు’ అని చెప్పగల తీర్పు కూడా.

హెలికాప్టర్ ఉందిగా అనేవారూ ఉన్నారు. హెలికాప్టర్ మబ్బు విడిచాకే వస్తుంది, మనకు అవసరం పడేది మబ్బులోనే. పైగా తేలిగ్గా దొరికే హెలికాప్టర్ మరో జబ్బు తెచ్చింది. అవసరం లేకున్నా ట్రెకర్లను ‘రక్షించి’ బీమా కంపెనీల నుంచి డబ్బు గుంజుతున్నారన్న ఆరోపణల మీద నేపాల్ ప్రభుత్వం 2018లో విచారణ జరిపించాల్సి వచ్చింది. క్షేమంగా దించడం బాధ్యతగా ఉండాల్సింది, కొందరికి వేరే బిల్లు అయింది.

ఏరు దాటాక

దిగే రోజుల లెక్కలో అందరికంటే ఆఖరున ఉండేది మోతగాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మన సామెత. కనుమ ఎక్కేదాకా అతడు ‘దాయీ’ (అన్న), ‘భాయీ’ (తమ్ముడు). దిగుడులో అతడు కనిపించడు. మనకంటే ముందే బరువుతో కిందికి వెళ్లి లాడ్జిలో గదులు పట్టి ఉంచుతాడు. మోతగాళ్లంటే షెర్పాలని చాలామంది అనుకుంటారు. అందులో ఎక్కువమంది కింది కొండల నుంచి వచ్చే రాయీలు, తమాంగులు, మగర్లు. ఎత్తు మనకెంత కొత్తో వారిలో చాలామందికీ అంతే. మోత కార్మికుల రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ బృందం ఐపీపీజీ 1997లో పుట్టింది ఒక మరణం వల్ల. ఇరవై ఏళ్ల నేపాలీ కుర్రవాడికి ఎత్తు జబ్బు చేసింది. అతడు ఎవరి బరువు మోస్తున్నాడో ఆ బృందం కూలి లెక్క చెల్లించి, ఒంటరిగా కిందికి పంపేసింది. తర్వాత 30 గంటల్లో అతడు చనిపోయాడు. దిగడమే మందని చెప్పే వైద్యం ఆ కుర్రవాడికీ అందింది, తోడు అందలేదు. ఎవరైనా ‘దిగితే చాలు’ అన్నప్పుడు గుర్తుచేసుకోవాల్సింది ఇదే. ఎవరితో దిగాడన్నది కూడా వైద్యంలో భాగమే. ఇప్పుడు 30 కిలోల మోత హద్దు, బీమా, సరైన బట్టలు అంటూ మాటలు వినబడుతున్నాయి. వాటిని ఆచరిస్తున్నారో లేదో చూడాల్సింది ఎక్కే రోజు ఫొటోలో కాదు, ఆఖరి రాత్రి. టిప్పుల కవర్లు పంచే వేళకు ఎంతమంది మోతగాళ్లు అక్కడ ఉన్నారు, ఎవరిని దారిలోనే లెక్క తేల్చి పంపేశారు అన్నది అడిగితే కంపెనీ గురించి తెలియాల్సిందంతా తెలుస్తుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విశాఖలోనో కూర్చుని ట్రెక్ బుక్ చేసుకునేవారు ధర, శిఖరం ఎత్తు, ఫొటోలు చూసి నిర్ణయం తీసుకుంటున్నారు. బదులుగా కాగితాన్ని కింది నుంచి పైకి చదవండి. శిఖరం రోజుకు ముందు ఎక్కడైనా ఖాళీ రోజు ఉందా? ఆ రోజు వాడుకోకపోతే కింద విశ్రాంతిగా మారుతుందా, ధరలోంచి తీసేస్తారా? దిగేటప్పుడు అందరి వెనక నడిచే గైడు ఎవరు? ఫలానా గంట దాటితే శిఖరం చేరకపోయినా వెనక్కి తిప్పుతారా, తిప్పితే దాన్ని యాత్ర విఫలమైనట్టు లెక్కిస్తారా? మోతగాళ్లకు ఆఖరి రోజు దాకా జీతం ఉందా? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన కంపెనీ కొంచెం ఎక్కువ అడిగినా అది చవకే.

థొరాంగ్ లాకూ ముక్తినాథ్‌కూ మధ్య ఒక రాత్రి ఉండడానికి పెద్దగా వీలు లేదు. కాబట్టి ఆ దిగుడును రెండు రోజులకు పంచమని ఎవరూ అడగలేరు. అడగగలిగింది దానికి ముందు ఒక రోజు. వాతావరణం బాగుంటే ఆ రోజు ఎవరికీ అక్కరకు రాదు. లాడ్జి వరండాలో ఎండ కాగుతూ, ఒక పూట వృథా అయిందని బృందం గొణుక్కుంటుంది. కనుమకు అటువైపు, ముక్తినాథ్ ఆలయంలో, జీపుల్లోనూ విమానాల్లోనూ వచ్చిన తెలుగు భక్తులు 108 ధారల కింద తలలు తడుపుకుని దివ్యదేశ దర్శనం చేసుకుంటూ ఉంటారు. కొండ దిగి వచ్చేవారికీ చేరాల్సిన చోటు అదే. 2014లో అక్టోబరు 14 ఉదయం మనాంగ్ వైపు లాడ్జిల్లో ఉండిపోయినవారికి బతుకు దక్కింది అలాంటి ఒక ‘వృథా’ రోజు వల్లే. ప్యాకేజీ కాగితంలో మీరు ముందుగా వెతకాల్సింది ఏ శిఖరం పేరూ లేని ఆ వరుసను.